ఎం.ఎఫ్. డూమ్: ముసుగు చేసిన వాదన

ర్యాప్ వినేవాళ్ల మధ్య ఎం.ఎఫ్. డూమ్ ప్రస్తావన వచ్చినప్పుడల్లా మాట ముందుగా ఆయన ముసుగు మీదికే పోతుంది. లోహపు ముసుగు తొడుక్కుని పాడినవాడు, బొమ్మల కథల పుస్తకంలోని ప్రతినాయకుడి పేరు పెట్టుకున్నవాడు, తన బదులు వేరేవాళ్లను వేదిక ఎక్కించినవాడు అని నాలుగు వింతలు చెప్పుకుని అక్కడితో ఊరుకుంటారు. ముసుగును వింతగా చూసి వదిలేస్తే ఆయన చేసిన పనిలో ముఖ్యమైనది మన చెయ్యి జారిపోతుందని నా నమ్మకం. ర్యాప్‌కు కొలబద్ద ఏది, చెవికి వినపడేదా, కంటికి కనపడేదా అన్న ప్రశ్న మీద ఒక కవి తన వృత్తిజీవితంలో ఎక్కువ భాగం నడిపిన వాదన అది. ఆ వాదన సరైనదని నేను అనుకుంటున్నాను. ఒక్కచోట ఆయనే దాన్ని దెబ్బతీశాడని కూడా అనుకుంటున్నాను. ఈ రెండు మాటలకూ నా కారణాలు చెప్పాలని ఇది రాస్తున్నాను.

డూమ్ అసలు పేరు డేనియల్ డూమిలే. 1971 జూలై 13న లండన్‌లో పుట్టాడు. తండ్రిది జింబాబ్వే, తల్లిది ట్రినిడాడ్. ఆయన పసితనంలోనే కుటుంబం న్యూయార్క్ ప్రాంతానికి చేరింది. లాంగ్ ఐలండ్ అంచున సముద్రాన్ని ఆనుకుని ఉన్న లాంగ్ బీచ్ పట్టణంలో ఆయన, తమ్ముడు డింగిలిజ్వే కలిసి పెరిగారు. 1980ల చివర్లో ఈ అన్నదమ్ములు మరో మిత్రుడితో కలిసి కె.ఎం.డి. అనే జట్టు కట్టారు. అన్న పేరు జెవ్ లవ్ ఎక్స్, తమ్ముడి పేరు సబ్‌రాక్. 1989లో థర్డ్ బేస్ అనే జట్టు విడుదల చేసిన పాటలో జెవ్ లవ్ ఎక్స్ ఒక చరణం పాడి నలుగురి దృష్టిలో పడ్డాడు, ఆ వెనకే ఎలెక్ట్రా అనే పెద్ద రికార్డు కంపెనీ వీళ్లతో ఒప్పందం చేసుకుంది, 1991లో 'మిస్టర్ హుడ్' ఆల్బమ్ వచ్చింది. ఆనాటి వీడియోల్లో ముసుగు లేదు. ఇరవై ఏళ్ల కుర్రవాడు నిండైన ముఖంతో, చమత్కారంగా, జాతి వివక్ష గురించి పిల్లల కార్యక్రమాల సంభాషణల ముక్కలు కలిపి పాడతాడు. ముసుగు కంటే ముందు ఒక ముఖం ఉండేదనీ, అది దాచుకోవలసిన ముఖమేమీ కాదనీ తెలియడానికి ఆ వీడియోలు చూడడం మంచిది.

1993 ఏప్రిల్‌లో సబ్‌రాక్ రోడ్డు దాటుతూ కారు గుద్దుకుని చనిపోయాడు. జట్టు రెండో ఆల్బమ్ 'బ్లాక్ బాస్టర్డ్స్' అప్పటికి చాలావరకు తయారై ఉంది. తమ్ముణ్ని పోగొట్టుకున్న అన్న మిగిలిన పని ఒంటరిగా పూర్తి చేశాడు. 1994లో విడుదల కావలసిన సమయానికి ఎలెక్ట్రా దాన్ని ఆపేసి, కె.ఎం.డి.ని వదిలించుకుంది. కారణం అట్ట మీది బొమ్మ. నల్లజాతివాళ్లను హేళన చేయడానికి తెల్ల అమెరికా తరతరాలుగా గీసుకున్న సాంబో అనే వెక్కిరింత బొమ్మను ఉరికొయ్యకు వేలాడదీసినట్టు డూమిలే స్వయంగా గీశాడు. ఉరి తీయబడుతున్నది ఆ హేళనే అన్నది ఆయన ఉద్దేశం. సంగీత వ్యాపార పత్రికలో ఆ బొమ్మ మీద విమర్శ రాగానే కంపెనీ బెదిరిపోయింది. రెండేళ్ల కిందటే, 1992లో, ఎలెక్ట్రా కూడా భాగమైన వార్నర్ సంస్థ గొడుగు కింద ర్యాపర్ ఐస్-టి జట్టు పాట ఒకటి పోలీసుల మీద హింసను రెచ్చగొడుతోందని దేశమంతా గొడవ జరిగి ఉండడంతో, మరో తలనొప్పి కొనితెచ్చుకునే ఓపిక వాళ్లకు లేకపోయింది.

ఈ ఘట్టాన్ని చాలామంది ఆయన జీవితంలోని దురదృష్టాల జాబితాలో ఒకటిగా చెప్పి దాటిపోతారు. నాకు మాత్రం తరవాతి కథంతటికీ మూలం ఇక్కడే కనిపిస్తుంది. తమ్ముడి గొంతు చివరిసారిగా నమోదైన ఆల్బమ్ అది. దాని భవితవ్యం తేల్చింది మాత్రం అట్ట. లోపలి పాటలు ఏమంటున్నాయో చెవి పెట్టకుండా, పైన ఉన్న బొమ్మను బట్టే తీర్పు ఇచ్చారు. ఆ ఆల్బమ్ సక్రమంగా బజారులోకి రావడానికి 2000 దాకా ఆగవలసి వచ్చింది. చూపును బట్టి తీర్పు ఇచ్చే లోకం తన పనిని ఒకసారి పాతిపెట్టిన తరవాత, చూపుకు అసలు ఏమీ దొరకకుండా చేద్దామని ఒక కళాకారుడు అనుకోవడంలో ఆశ్చర్యపడవలసింది లేదు. డూమ్ ఈ రెంటినీ ఇలా ముడిపెట్టి చెప్పాడని నేను అనడం లేదు. ఇది నేను ఆయన జీవితాన్ని చదువుకున్న తీరు.

తరవాతి మూడేళ్లు ఆయన ఎవరికీ కనపడలేదు. మన్‌హాటన్ వీధుల్లో తిరుగుతూ, కొన్ని రాత్రులు బల్లల మీద పడుకుంటూ, దాదాపు ఇల్లు లేని మనిషిలా గడిపానని తరవాత ఆయనే చెప్పుకున్నాడు. 1997, 98 ప్రాంతంలో న్యూయార్క్‌లో న్యూయోరికన్ పొయెట్స్ కెఫే అనే చోట, ఎవరైనా వచ్చి పాడుకోగల ఓపెన్ మైక్ రాత్రుల్లో, ముఖానికి ఆడవాళ్ల మేజోడు బిగించుకుని ఒకతను పాడడం మొదలుపెట్టాడు. ఆ చోటు ప్యూర్టోరికో మూలాలున్న కవులు 1970లలో కట్టుకున్న వేదిక, కవిత్వం చదవడానికి పుట్టిన వేదిక. ముసుగు తొడిగిన ర్యాపర్ అక్కడ మొదలు కావడం నాకు సబబుగా అనిపిస్తుంది. బాబిటో గార్సియా అనే రేడియో వ్యాఖ్యాత నడిపే చిన్న రికార్డు కంపెనీ ఆయన పాటలను విడివిడిగా విడుదల చేసింది. 1999లో 'ఆపరేషన్: డూమ్స్‌డే' పూర్తి ఆల్బమ్‌గా వచ్చింది. మేజోడు పోయి లోహపు ముసుగు వచ్చింది. స్టాన్ లీ, జాక్ కర్బీ కలిసి 1962లో మార్వెల్ బొమ్మల కథల పుస్తకాల కోసం సృష్టించిన డాక్టర్ డూమ్ అనే ప్రతినాయకుడి ముసుగు అది. ముఖం దెబ్బతిని, లోకం మీద పగతో కవచం తొడుక్కున్న మేధావి ఆ పాత్ర.

ఆ ఆల్బమ్‌లో పగ కంటే దుఃఖం ఎక్కువ. పేరుకు ప్రతినాయకుడి కథే అయినా, మధ్యమధ్య కార్టూన్ సంభాషణలు వినిపిస్తున్నా, ముఖ్యమైన పాట పల్లవి తల్లి కడుపు నుంచి మొదలై తమ్ముడు వెళ్లిన చోటికి తాను చేరేదాకా సాగే ప్రయాణం గురించి చెబుతుంది. ప్రశ్నార్థకం గుర్తే పేరుగా ఉన్న మరో పాట నేరుగా సబ్‌రాక్‌తో మాట్లాడుతున్నట్టు సాగుతుంది. ముఖం కనపడుతున్న రోజుల్లో ఆయన ఇంత బాహాటంగా ఎన్నడూ మాట్లాడలేదు. ముసుగు వేసుకున్నాక మాట దాపరికం లేకుండా వచ్చింది. అందుకే ముసుగును దాక్కోవడంగా చూడడం నాకు సమ్మతం కాదు.

ముసుగు ఎందుకని అడిగినవాళ్లకు ఆయన వివిధ సందర్భాల్లో ఇచ్చిన సమాధానం సారాంశం ఒకటే: హిప్‌హాప్ ఎలా వినిపిస్తోందన్నది పోయి ఎలా కనిపిస్తోందన్నది ముందుకు వచ్చింది, తాను దృష్టిని మళ్లీ శబ్దం మీదికి తిప్పాలనుకుంటున్నాడు. 1990ల చివరి సంవత్సరాలు గుర్తున్నవాళ్లకు ఇది అతిశయోక్తి అనిపించదు. తళతళలాడే దుస్తులు, ఖరీదైన కార్లు, పెద్ద ఖర్చుతో తీసిన వీడియోలు ఉంటే తప్ప పాట నిలబడని కాలం అది.

చెవి మీద అంత భారం పెట్టినప్పుడు చెవికి తగినంత ఇవ్వాలి కదా. ఆయన ఎంత ఇచ్చాడో చెప్పడానికి మన ఛందస్సు నాకు సాయపడుతుంది. ర్యాప్ తొలినాళ్లలో ప్రాస ఎక్కువగా పాదం చివరే పడేది, మనం అంత్యప్రాస అనేదే అది. 1987లో ఎరిక్ బి., రకీమ్ జంట ఆల్బమ్ వచ్చాక ప్రాస పాదం లోపలికి కూడా ప్రవేశించింది. ఆ తరవాత ఎవరు ఎన్ని పోకడలు పోయినా రకీమ్ తెరిచిన దారినే పోయారు. డూమ్ ఆ దారిలో చాలా దూరం వెళ్లాడు. ఆయన ఒక మాటకు ఒక మాటతో ప్రాస కలిపి ఊరుకోడు. నాలుగైదు అక్షరాల మాటల గుంపును తీసుకుని, దానిలోని అచ్చుల వరసను పట్టుకుని, వేరే మాటలతో అదే వరసను మళ్లీ మళ్లీ కడతాడు. ఒక వరస నాలుగు పాదాలు, ఆరు పాదాలు నడుస్తుంది, ఆ లోపల అర్థం మాత్రం ఎక్కడి నుంచి ఎక్కడికో తిరిగిపోతుంది. కందపద్యంలో రెండో అక్షరం కోసం, యతిస్థానం కోసం ఎదురుచూడడానికి అలవాటుపడిన చెవి ఈ కట్టుబాటును త్వరగా పసిగడుతుందని నా అనుభవం. ఇంగ్లీషు ర్యాప్ అర్థం కాదని పక్కన పెట్టేసే మిత్రులతో నేను తరచు అనేది ఇదే. అర్థం తరవాత చూద్దాం, ముందు ప్రాస ఎక్కడ పడుతోందో లెక్కపెట్టండి అంటాను.

ఆయనది ఇంకో నేర్పు కూడా ఉంది. ఒక పాదం విని రెండో పాదం చివర ఏ మాట వస్తుందో మనం ముందే ఊహించుకుంటాం. తరచు అది బూతుమాట అవుతుందని చెవి నిర్ణయించేసుకుంటుంది. డూమ్ అక్కడికి వచ్చి, ఆ మాట అనకుండా, ప్రాస తప్పే సంబంధంలేని మాట ఒకటి పెట్టి ముందుకు పోతాడు. ప్రాస పూర్తయ్యేది వినేవాడి బుర్రలోనే. ఇలా చేయాలంటే వినేవాడి చెవి మీద అపారమైన నమ్మకం ఉండాలి. ఆయన ర్యాప్‌లో నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఈ నమ్మకమే.

కథనంలోనూ ఆయన పద్ధతి వేరు. ర్యాప్‌లో 'నేను' అంటే పాడేవాడే అన్నది ఆచారం. నేను ఇంత సంపాదించాను, నేను ఇంత కష్టపడ్డాను అన్న ఉత్తమపురుషే ఆ కళకు ఇంధనం. డూమ్ తన గురించి తాను 'ఆ విలన్ ఇలా చేశాడు' అని ప్రథమపురుషలో చెబుతాడు. వేమన మకుటంలో కవి పేరు వినపడినట్టు ఆయన పద్యాల్లోనూ పేరు పదేపదే వినపడుతుంది కానీ, ఆ పేరుగలవాడు పాడేవాడికి కొంచెం దూరంలో నిలబడి ఉంటాడు. దూరం ఉండడం వల్ల ఆ పాత్ర అబద్ధాలాడవచ్చు, గొప్పలు పోవచ్చు, పిరికివాడు కావచ్చు. 2003లో విక్టర్ వాన్ పేరుతో 'వాడ్‌విల్ విలన్', కింగ్ గీడోరా పేరుతో 'టేక్ మీ టు యువర్ లీడర్' విడుదల చేశాడు. మొదటివాడు దుడుకు కుర్రవాడు, రెండోవాడు జపాన్ రాకాసి సినిమాల్లోని మూడు తలల డ్రాగన్. డూమ్‌తో కలిపి ముగ్గురికీ మాటతీరు వేరు. వాద్యసంగీతం మాత్రమే ఉన్న రికార్డులకు మెటల్ ఫింగర్స్ అని ఇంకో పేరు పెట్టుకుని, 'స్పెషల్ హెర్బ్స్' అనే వరసలో ఒక్కో బీట్‌కు ఒక్కో దినుసు పేరు పెట్టాడు. మెంతులు, కుంకుమపువ్వు, అనాసపువ్వు అందులో ఉన్నాయి. మన పోపులపెట్టె చూసి పేర్లు పెట్టాడా అనిపించే జాబితా అది.

2004 మార్చిలో వచ్చిన 'మ్యాడ్‌విలనీ' గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. కాలిఫోర్నియాకు చెందిన సంగీతకారుడు మ్యాడ్‌లిబ్ బీట్లు, డూమ్ మాటలు. 22 అంశాలు, 46 నిమిషాలు. చాలా పాటలకు పల్లవి లేదు, కొన్ని రెండు నిమిషాలైనా ఉండవు. చెప్పవలసింది అయిపోగానే పాట అయిపోతుంది. మ్యాడ్‌లిబ్ 2002లో బ్రెజిల్ వెళ్లినప్పుడు సావో పాలో హోటల్ గదిలో కూర్చుని, పాత పాటల ముక్కలు కత్తిరించి కలిపే, చేతిసంచిలో పట్టే చిన్న సాంప్లర్ యంత్రం, వెంట తెచ్చుకున్న రికార్డు ప్లేయరు, అక్కడ కొన్న పాత రికార్డులతో అందులోని కొన్ని బీట్లు చేశాడు. పాత రికార్డుల వేటలో ఆయన భారతీయ సినిమా సంగీతాన్నీ వదల్లేదు, 2007లో దాని మీదే ఒక సంపుటి తెచ్చాడు. 'మ్యాడ్‌విలనీ' పూర్తి కాకముందే దాని ముసాయిదా ఇంటర్నెట్‌లోకి పాకిపోయింది. విడుదలకు ఏడాదికి పైగా ముందే అభిమానులు దాన్ని వినేశారు. ఇద్దరూ నిరుత్సాహపడి కొంతకాలం పక్కన పెట్టి వేరే పనుల్లో పడ్డారు. మళ్లీ దాని దగ్గరికి వచ్చినప్పుడు డూమ్ తన భాగాన్ని మొత్తం తిరిగి పాడాడు. ముసాయిదాలో గొంతు హుషారుగా, ఎత్తుగా ఉంటుంది. చివరి రూపంలో గొంతు కిందికి దిగి, నెమ్మదించి, నిద్ర సరిపోని మనిషి గొంతులా ఉంటుంది. మాటలు చాలావరకు అవే. రెండూ పక్కపక్కన పెట్టి వినేవాళ్లకు గొంతు అనేది ఆయనకు దేవుడిచ్చిన వరం మాత్రమే కాదని, తీర్చిదిద్దుకున్న వాద్యమని తెలుస్తుంది. పాతది బాగుందనేవాళ్లూ ఉన్నారు. నాకు కొత్తదే నచ్చుతుంది. ఆ బరువు లేకపోతే ఆ మాటల్లోని చమత్కారం అల్లరిగా మిగిలిపోయేది.

ఆ ఆల్బమ్ అమెరికా అమ్మకాల పట్టికలో 179వ స్థానం దాటలేదు. ఇవాళ ర్యాప్‌లో గొప్ప ఆల్బమ్‌ల జాబితా ఎవరు వేసినా అది లేకుండా వేయలేరు. ప్రతి పాటకూ వీడియో తీసి, ముఖం అమ్మి, రేడియోకు పల్లవి రాసి ఉంటే ఆ స్థానం ఎగబాకి ఉండేదేమో. ఇరవై ఏళ్ల తరవాత వినేవాళ్లు ఉండేవాళ్లా అన్నది నాకు అనుమానమే. ముసుగు చేసిన వాదనకు ఇంతకంటే గట్టి సాక్ష్యం నేను చూపలేను. అదే ఏడాది చివర 'ఎం.ఎం.. ఫుడ్' వచ్చింది. తన పేరులోని (MF DOOM) అక్షరాలనే అటుఇటు మార్చి పెట్టిన పేరు (MM..FOOD) అది, పాటల్లో చాలావాటికి తిండి పేర్లే. రెండు ఏళ్ల వ్యవధిలో వేర్వేరు పేర్లతో ఇన్ని ఆల్బమ్‌లు ఇచ్చి, వాటిలో కనీసం మూడు ఇవాళ్టికీ నిలబడేలా చేసిన ర్యాపర్ మరొకరు నాకు తెలియరు.

ఇక నాకు అభ్యంతరం ఉన్న విషయానికి వస్తాను. 2007 నుంచి కొన్ని ప్రదర్శనల్లో ముసుగు తొడుక్కున్న వేరే మనిషి వేదిక మీదికి వచ్చి, రికార్డు చేసిన గొంతుకు పెదవులు కదిపి వెళ్లిపోయాడు. ప్రేక్షకులు పసిగట్టి కేకలు వేశారు, సీసాలు విసిరారు, టికెట్ డబ్బులు తిరిగి ఇమ్మన్నారు. మార్వెల్ కథల్లో డాక్టర్ డూమ్ తన బదులు పంపే యంత్రాల పేరే వీళ్లకూ పెట్టి, అభిమానులు డూమ్‌బాట్‌లు అన్నారు. డూమ్ తరవాత ఇచ్చిన సమాధానంలో తప్పు ఒప్పుకోలేదు. తాను రచయితను, దర్శకుణ్ని కూడా, పాత్ర ఎవరు వేయాలో నిర్ణయించే హక్కు తనదే అన్న ధోరణిలో మాట్లాడాడు. 2019 నవంబరులో లాస్ ఏంజిలిస్ ఉత్సవంలో హానిబల్ బ్యూరెస్ అనే హాస్యనటుడు ముసుగుతో వచ్చి ఆ తరవాత ముఖం చూపించడంతో అది ఒక ఆటలా కూడా మారింది.

డూమ్‌ను ప్రేమించేవాళ్లు చాలామంది దీన్ని కళగా సమర్థిస్తారు. ముఖం ముఖ్యం కాదన్నవాడి ముసుగు వెనుక ఏ ముఖం ఉంటే ఏమిటి అంటారు. ఈ సమర్థన పైకి బలంగానే ఉంటుంది, ముఖ్యంగా తెలుగువాళ్లకు. ఒకరి గొంతు మరొకరి దేహంలోంచి రావడం మనకు దశాబ్దాలుగా అలవాటు. ఘంటసాల గొంతు ఎన్.టి. రామారావు నోటా అక్కినేని నాగేశ్వరరావు నోటా వినపడితే మోసపోయామని ఎవరూ అనుకోలేదు. అనుకోకపోవడానికి కారణం ఉంది. టైటిల్స్‌లో గాయకుడి పేరు పడేది, రికార్డు మీద పేరు ఉండేది. తెర మీద పెదవి కదిపేది ఎవరో, పాడేది ఎవరో ప్రేక్షకుడికి తెలిసే ఒప్పందం అది. అదే ఘంటసాల కచేరీ అని టికెట్లు అమ్మి, వేదిక మీద వేరే మనిషిని కూర్చోబెట్టి, లోపల రికార్డు తిప్పి ఉంటే ఊళ్లో ఎవరు ఒప్పుకునేవారు? కచేరీకి వెళ్లేవాడు కొనేది గాయకుడి ముఖదర్శనం కాదు. ఆ పూట, ఆ గదిలో, ఆ గొంతు పడే శ్రమ. ఊపిరి ఎక్కడ తీసుకుంటాడు, ఎక్కడ తడబడి సర్దుకుంటాడు, ఏ పాదాన్ని ఇవాళ కొత్తగా విరుస్తాడు అన్నవి వినడానికి వెళతాడు.

అందుకే నా అభ్యంతరం డూమ్ సూత్రం లోపలి నుంచే వస్తుంది. చూడకండి, వినండి అని ఆయన అడిగాడు. ఆ మాట విని వచ్చినవాళ్లకు ఆ రాత్రి వినడానికి కొత్తగా ఏమీ ఇవ్వలేదు. వాళ్లకు దొరికిందల్లా ముసుగు, అంటే చూసేది. దూరప్రాంతం నుంచి కష్టార్జితంతో టికెట్ కొని వచ్చిన యువకుడికి ఇంట్లో ఉన్న రికార్డునే మళ్లీ వినిపించి పంపడంలో దర్శకత్వ ప్రతిభ ఏదీ నాకు కనపడదు. ఆయన ఆరోగ్యం బాగాలేక అలా చేశాడని కొందరు, డబ్బు కోసమని కొందరు అంటారు. కారణం ఏదైనా, ముందుగా చెప్పి చేసి ఉంటే నాటకం అయ్యేది, చెప్పకుండా చేయడం వల్ల అన్యాయం అయింది.

ముసుగు కూడా చివరికి సరుకే అయింది కదా అన్నది ఇంకో విమర్శ. బొమ్మలు, చొక్కాలు అమ్మారు, 2007లో నైకీ ఆ పేరుతో బూట్లు కూడా తెచ్చింది. ఈ విమర్శలో నిజం ఉంది గానీ బలం లేదు. ముఖం సరుకైతే దాని యజమాని దానితోపాటు ముసలివాడు కావాలి, లావెక్కితే సంజాయిషీ చెప్పుకోవాలి, వీధిలో నడవడం మానుకోవాలి. ముసుగు సరుకైతే అది తీసి బల్ల మీద పెట్టి పిల్లల్ని బడి నుంచి తీసుకురావచ్చు. కుటుంబం ఉన్న మనిషికి అది చిన్న సౌకర్యం కాదు.

ఆ కుటుంబం నుంచే ఆయన్ను విడదీసిన సంగతి చెప్పాలి. 2010లో యూరప్ ప్రదర్శనలు ముగించుకుని తిరిగి వెళ్లబోతే అమెరికా ఆయన్ను లోపలికి రానివ్వలేదు. పసితనం నుంచి అక్కడే పెరిగినా, అక్కడి కళకే జీవితం అర్పించినా, ఆయన ఏనాడూ అమెరికా పౌరుడు కాలేదు. చేతిలో ఉన్నది బ్రిటిష్ పౌరసత్వం. భార్యాపిల్లలు అక్కడ, ఆయన పుట్టడం తప్ప పెద్దగా సంబంధం లేని లండన్‌లో. మళ్లీ కలిసి ఉండడానికి దాదాపు రెండేళ్లు పట్టింది. తల్లిదండ్రుల హెచ్-1బి వీసా నీడలో అమెరికా వెళ్లి, అక్కడే బడి చదువంతా చదువుకుని, 21 ఏళ్లు నిండగానే ఆ నీడ తొలగిపోతే ఎక్కడికి పోవాలో తెలియని తెలుగు పిల్లలు నాకు తెలిసిన ఇళ్లలోనే ఉన్నారు. డూమ్ పరిస్థితి చట్టం దృష్టిలో అదే కాదు. పెరిగిన ఊరు తనది కాదని ఒక బల్ల వెనక కూర్చున్న అధికారి చెప్పగలగడం మాత్రం రెండింటిలోనూ ఒకటే. ఆయన అమెరికాతో తెగతెంపులు చేసుకున్నట్టే మాట్లాడాడు. లండన్‌లో ఉండగా 2012లో జనీరో జరెల్ అనే సంగీతకారుడితో చేసిన 'కీ టు ది కఫ్స్'లో బ్రిటన్ యాస, బ్రిటన్ వీధులు వినపడతాయి. అది ఆయన గొప్ప ఆల్బమ్‌లలో ఒకటి కాదు, అయినా కొత్త చోట కాళ్లు ఊన్చుకోవడానికి ఒక పెద్ద ర్యాపర్ పడే ప్రయత్నంగా నాకు విలువైనది.

చివరి ఏళ్లు కష్టంగా గడిచాయి. 2017 డిసెంబరులో 14 ఏళ్ల కొడుకు మలకై చనిపోయాడు. 2020 అక్టోబరులో, రక్తపోటుకు కొత్తగా మందు మొదలుపెట్టిన కొద్ది రోజులకే ఊపిరి అందక ఇంగ్లండ్‌లోని లీడ్స్ నగరంలో ఆసుపత్రిలో చేరాడు. ఆ మందుకు శరీరం ఎదురుతిరిగి గొంతు, నాలుక వాచిపోయాయని తరవాత 2023లో జరిగిన విచారణలో తేలింది. అక్టోబరు 31న, 49వ ఏట, కన్నుమూశాడు. కోవిడ్ ఆంక్షల వల్ల భార్య ఆయన్ను చివరి రోజు దాకా చూడలేకపోయింది. లోకానికి ఆ వార్త తెలిసింది డిసెంబరు 31న, ఆమె చెప్పినప్పుడే. రెండు నెలలు ఆ కుటుంబం తమ దుఃఖాన్ని తమ దగ్గరే ఉంచుకోగలిగింది. ప్రముఖుల మరణం ఆసుపత్రి గేటు దాటకముందే ఫోన్లలో తిరిగే ఈ కాలంలో అది సాధ్యపడిందంటే, ఇరవై ఏళ్లుగా ఆయన కాపాడుకున్న దూరమే కారణమని నేను అనుకుంటాను. ఆ మరుసటి జూలైలో లాంగ్ బీచ్‌లో ఆయన పెరిగిన చోట ఒక వీధికి 'కె.ఎం.డి.–ఎం.ఎఫ్. డూమ్ వే' అని పేరు పెట్టారు. తమ్ముడితో కట్టిన జట్టు పేరు అందులో ముందు ఉండడం న్యాయం.

ఆయన ప్రాసలు రాసుకున్న నోటుపుస్తకాల గురించి 2023లో కుటుంబం కోర్టుకు వెళ్లవలసి వచ్చింది. ముసుగులు ఎక్కడున్నాయన్నది కాదు, చేత్తో రాసిన కాగితాలు ఎవరి దగ్గర ఉండాలన్నది తగవు. ఆ కాగితాలు అచ్చు వేయాలని అడిగే అభిమానులు చాలామంది ఉన్నారు, నాకూ చదవాలనే ఉంది. అయితే ఆయన గొంతు దించుకుని మళ్లీ పాడిన తీరు తలచుకుంటే, ముసాయిదాను లోకం ముందు పెట్టడానికి ఆయన ఇష్టపడేవాడా అన్న సందేహం వదలదు. నిర్ణయం భార్యదీ పిల్లలదీ. వాళ్లు వద్దంటే ఆ మాటే చివరిది కావాలి.

డూమ్‌ను కొత్తగా వినాలనుకునేవాళ్లకు అందరూ 'మ్యాడ్‌విలనీ' చేతిలో పెడతారు. నేను ముందు 'ఆపరేషన్: డూమ్స్‌డే' వినమంటాను. అందులో రికార్డింగ్ గరుకుగా ఉంటుంది, బీట్లు 1980ల పాటల నుంచి మొహమాటం లేకుండా తీసుకున్నవి, గొంతు ఇంకా కుదురుకోలేదు. తమ్ముణ్నీ, ఒప్పందాన్నీ, పేరునూ పోగొట్టుకున్నవాడు మళ్లీ మొదలుపెట్టడం ఎలా ఉంటుందో అక్కడ వినపడుతుంది. తరవాత 'ఎం.ఎం.. ఫుడ్', ఆ తరవాత 'మ్యాడ్‌విలనీ'. ఒక్కోటి రెండుసార్లు వినాలి, మొదటిసారి ప్రాస కోసం, రెండోసారి అర్థం కోసం. వీడియోలు వెతకనక్కరలేదు.